మా మడ్‌ను రద్దు చేయించవచ్చా? పిటిషన్ మీద సంతకం పెట్టాలా వద్దా

బ్రజోస్_బాబు
మేం ఉండేది కేటీ దాటాక, ఫోర్ట్ బెండ్ కౌంటీలో. ఏ సిటీ హద్దులోకీ రాము, హ్యూస్టన్ ఈటీజే అంటారు, అంటే సిటీ బయటే ఉన్నా దాని నియమాలు కొన్ని వర్తించే ప్రాంతం. ఈ ఏడాది ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చింది. స్కూల్ టాక్స్ సంగతి అందరికీ తెలిసిందే, అది పక్కన పెట్టండి. దాని కింద మడ్ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, మా కాలనీకి నీళ్ళు, మురుగునీటి సేవలు ఇచ్చే స్థానిక సంస్థ) అని ఒక లైను ఉంది, నూరు డాలర్లకు 1 డాలర్ 20 సెంట్లు. ఐదు లక్షల ఇంటికి లెక్క వేస్తే 6,000 డాలర్లు. ఏటా! నెలనెలా నీళ్ళ బిల్లు వేరే, హెచ్ఓఏ (కాలనీ ఇంటి ఓనర్ల సంఘం) ఫీజు వేరే.

మా వీధిలో ఒకాయన పిటిషన్ రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మన మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్‌ను రద్దు చేయమని అందరం కలిసి అడుగుదాం, రద్దయితే ఈ టాక్స్ ఉండదు అంటున్నాడు. ఇప్పటికే చాలామంది సంతకాలు పెట్టేశారు. నాకు మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది. రద్దయితే నీళ్ళు ఎవరిస్తారు? మురుగునీటి ప్లాంటు ఎవరు నడుపుతారు? ఇలా ఎక్కడైనా జరిగిందా? టెక్సస్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి.

రాయలసీమ_రఫ్
సంతకం పెట్టేయండి. ఆలోచించేదేముంది. బిల్డర్ రోడ్లేశాడు, పైపులేశాడు, ఇల్లు అమ్మి లాభం జేబులో వేసుకున్నాడు. ఆ పైపుల ఖర్చు మళ్ళీ మనతో కట్టిస్తున్నారు. మా సేల్స్ ఆఫీసులో ఈ మాట ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు.

చింతకాయ్_పచ్చడి
మీ వీధి ఆయనకి మా వీధిలో కూడా ఒక ఇల్లు కొనుక్కోమనండి బాబు గారూ, మా రేటు మీకంటే ఎక్కువ 😀

లెక్కల_మాస్టారు
బాబు గారూ, ముందు ఆ 1 డాలర్ 20 సెంట్లను విడదీసి చూడండి. కౌంటీ టాక్స్ వెబ్‌సైట్‌లో మీ మడ్ రేటు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఒకటి అప్పు కంతులకు, ఇంకోటి నిర్వహణకు. ఉదాహరణకు 75 సెంట్లు అప్పుకి, 45 సెంట్లు నిర్వహణకి అనుకుందాం. మీ ఇంటి మీద 3,750 అప్పుకి పోతోంది, 2,250 నిర్వహణకి పోతోంది.

ఆ అప్పు ఎక్కడిది అంటే, ఊరికి దూరంగా పొలాలు కొని కాలనీ వేసేటప్పుడు అక్కడికి సిటీ నీటి లైను రాదు. డెవలపర్ బోరు, ట్యాంకు, మురుగునీటి ప్లాంటు, వాననీటి కాలువలు, డిటెన్షన్ పాండ్ (వాననీరు నిలిపే చెరువు) అన్నీ సొంత డబ్బుతో కట్టిస్తాడు. ఇళ్ళు లేచి పన్ను వచ్చే స్థితి రాగానే మడ్ బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మి, ఆ డబ్బు అతనికి తిరిగిస్తుంది. బాండ్లు కొన్నవాళ్ళకు అసలూ వడ్డీ మనం ఏటా కడతాం. టెక్సస్ వాటర్ కోడ్ 54వ అధ్యాయం ఇదంతా నడిపిస్తుంది. పైన టీసీఈక్యూ అనే రాష్ట్ర సంస్థ పర్యవేక్షణ ఉంటుంది.

ఇక రద్దు. అదే అధ్యాయంలో ఉంది: బాండ్లు అమ్మకముందైతే బోర్డు నోటీసు ఇచ్చి, విచారణ పెట్టి డిస్ట్రిక్ట్‌ను రద్దు చేయవచ్చు. వరసగా ఐదేళ్ళు ఏ పనీ చేయకుండా, బాండ్ల అప్పు ఒక్క డాలరు కూడా లేకుండా పడి ఉన్న డిస్ట్రిక్ట్‌ను టీసీఈక్యూ కూడా రద్దు చేయవచ్చు. మీది ఈ రెండిట్లో దేనికిందా రాదు. మీ ఇంటికి నీళ్ళొస్తున్నాయి, మీ పేరున బాండ్లున్నాయి.

ఉమ్మడి కుటుంబం విడిపోతే ఇంటి మీదున్న అప్పు ఎగిరిపోదు కదా, ఏ అన్నదమ్ముడి వాటాకి ఎంతని పంచుకోవాల్సిందే. ఇక్కడా అంతే. మడ్ రద్దు అంటే దాని ఆస్తులూ అప్పులూ ఇంకెవరో నెత్తికెత్తుకోవాలి. ఆ ఇంకెవరో ఎవరన్నది మీ పిటిషన్‌లో ఉందా?

బ్రజోస్_బాబు
లేదు మాస్టారూ. అర పేజీ కాగితం అది. "మేము కింద సంతకం చేసినవారం, డిస్ట్రిక్ట్‌ను తక్షణం రద్దు చేయవలసిందిగా" అని ఉంది, అంతే. ఇప్పుడే చూశాను, మాది అప్పుకి 68 సెంట్లు, మిగతా 52 నిర్వహణకి.

లెక్కల_మాస్టారు
నిర్వహణకి 52 అంటే ఎక్కువే. కాలనీ ఇంకా కడుతున్నారా? కొత్త వాటిల్లో అలాగే ఉంటుంది. తర్వాత బాండ్లు పెరిగేకొద్దీ ఇటు తగ్గించి అటు పెంచుతారు, మొత్తం రేటు కదలకుండా.

షుగర్‌ల్యాండ్_సుజాత
ఇలా ఎక్కడైనా జరిగిందా అని అడిగారు కాబట్టి చెప్తున్నా. మాది న్యూ టెరిటరీ. 2017 డిసెంబర్ 12న షుగర్‌ల్యాండ్ సిటీ మమ్మల్నీ గ్రేట్‌వుడ్‌నూ కలుపుకుంది. ఒక్కరోజులో సిటీ జనాభా దాదాపు 30,000 పెరిగింది. మా మడ్‌లు రద్దయ్యాయి. ప్లాంట్లు, పైపులు, బ్యాంకులో డబ్బు, బాండ్ల బాకీ అన్నీ సిటీకి పోయాయి. మడ్ టాక్స్ లైను పోయి సిటీ టాక్స్ లైను వచ్చింది. అప్పట్లో సిటీ రేటు నూరుకి 32 సెంట్ల లోపే.

కానీ ఇది ఎవరో పిటిషన్ పెడితే జరిగింది కాదు. సిటీకీ మడ్‌లకీ మధ్య పదేళ్ళ ముందే ఒప్పందం ఉంది. ఫలానా అప్పు ఇంత తగ్గాక, ఫలానా సంవత్సరంలో కలుపుకుంటాం అని. ఆ మధ్య కాలమంతా అప్పు తీరుస్తూనే వచ్చాం. సిటీ కూడా పిచ్చిది కాదు, అప్పు ఎక్కువగా ఉన్నప్పుడు చచ్చినా తీసుకోదు.

రాయలసీమ_రఫ్
చూశారా, జరిగింది. టాక్స్ తగ్గింది. మరి మనం ఎందుకు అడగకూడదు?

షుగర్‌ల్యాండ్_సుజాత
అడగండి, వద్దనట్లేదు. ఎవర్ని అడుగుతున్నారో చూసుకోండి అంటున్నా. మా పక్కన షుగర్‌ల్యాండ్ ఉంది. బాబు గారి పక్కన హ్యూస్టన్ ఉంది. హ్యూస్టన్‌కి ఆ అప్పు నెత్తికెత్తుకునే అవసరం ఏముంది?

లెక్కల_మాస్టారు
సుజాత గారు సరిగ్గా పట్టుకున్నారు. హ్యూస్టన్ చాలా మడ్‌లతో ఒక రకం ఒప్పందం చేసుకుంది. పేరుకి పరిమితంగా కలుపుకుని, షాపింగ్ సెంటర్ల దగ్గర ఒక శాతం సేల్స్ టాక్స్ వసూలు చేస్తుంది. అందులో సగం మడ్‌కి ఇస్తుంది. ఇళ్ళ మీద సిటీ ప్రాపర్టీ టాక్స్ వేయదు, ఇళ్ళకు సిటీ సేవలూ ఇవ్వదు. అప్పు కట్టకుండా, పోలీసుల్ని పంపకుండా ఆదాయం వస్తుంటే, పూర్తిగా కలుపుకుని మడ్‌ను రద్దు చేసే తొందర దానికేముంటుంది.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1996 చివర్లో కింగ్‌వుడ్‌ను అక్కడివాళ్ళు ఎంత మొత్తుకున్నా హ్యూస్టన్ కలిపేసుకుంది. ఆ గొడవ వల్లే 1999లో కలుపుకునే చట్టం బిగించారు. 2017లో ఇంకొంచెం, 2019లో పూర్తిగా. ఇప్పుడు అక్కడి జనం ఒప్పుకోకుండా సిటీ కలుపుకోవడం దాదాపు కుదరదు. జనానికి మంచిదే. కాకపోతే మడ్ రద్దయ్యే మామూలు దారి కూడా దాంతోపాటే సన్నబడింది.

కేటీ_కోడలు
మాకు ఇల్లు కొన్నప్పుడు క్లోజింగ్‌లో ఒక కాగితం ఇచ్చారు, ఈ ఇల్లు ఫలానా డిస్ట్రిక్ట్‌లో ఉంది, రేటు ఇంత, బాండ్లు ఇంత అని. చట్టం ప్రకారం ఇవ్వాల్సిందే. రఫ్ గారూ, మీకు ఇవ్వలేదా?

రాయలసీమ_రఫ్
ఇచ్చి ఉంటారమ్మా, రెండొందల పేజీల మధ్యలో. నేననేది క్లోజింగ్ టేబుల్ దగ్గర కాదు. అడ్వాన్స్ కట్టకముందు, మోడల్ హోమ్‌లో కాఫీ ఇచ్చి కూర్చోబెట్టినప్పుడు చెప్పాలి. అప్పటికే లాట్ బుక్ చేసుకుని, లోన్ లాక్ చేసుకుని, అమ్మానాన్నలకు గృహప్రవేశం ముహూర్తం చెప్పేశాక ఆ కాగితం చేతికిస్తే ఎవరు వెనక్కి పోతారు?

కేటీ_కోడలు
అది నిజం. మా బిల్డర్ ఇచ్చిన నెల కంతు అంచనాలో కూడా టాక్స్‌ను ఖాళీ స్థలం మీద లెక్కేశారు. రెండో ఏడు ఎస్క్రో (టాక్స్ కోసం లోనువాళ్ళు నెలనెలా మన డబ్బు పక్కన పెట్టే ఖాతా) కొరత అని లెటర్ వచ్చినప్పుడు తెలిసింది. ఆ నెల మా ఇంట్లో ఎంత టెన్షనో.

పాలపిట్ట
నా బాధ వేరే. మేం హెచ్1బీ మీద ఉన్నాం. గ్రీన్ కార్డ్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఏటా ఈ మడ్‌కి వేల డాలర్లు కడుతున్నాం. బోర్డు ఎన్నికల్లో ఓటు లేదు, పోటీ చేసే హక్కు లేదు. బాండ్లకు అనుమతి ఇవ్వాలా అని ఓటింగ్ పెట్టినా మాకు చెప్పుకునే చోటు లేదు. మా వీధిలో సగం ఇళ్ళు మాలాంటివాళ్ళవే. మా తరఫున ఎవరు మాట్లాడతారు?

కృష్ణా_తీరం
పాలపిట్ట గారూ, ఓటు లేదు కానీ నోరు ఉంది. బోర్డు మీటింగ్ ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, అజెండా మొదట్లో ప్రజలు మాట్లాడే సమయం ఉంటుంది. పౌరసత్వం ఎవరూ అడగరు. నేను మా మడ్ బోర్డులో డైరెక్టర్‌ని, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. మా గదిలో ఐదుగురు డైరెక్టర్లం, లాయరు, ఇంజినీరు, బుక్‌కీపరు, టాక్స్ కలెక్టరు, ఆపరేటరు ఉంటాం. ఎదురుగా కుర్చీలు ఖాళీ. మూడు వందల ఇళ్ళ వాళ్ళు వాట్సాప్‌లో తిడతారు, మీటింగ్‌కి ఒక్కరూ రారు.

నేను బోర్డులోకి ఎలా వచ్చానో చెప్తా. మీటింగుల్లో ఆపరేటర్ ఒక కాగితం ఇస్తాడు. ఆ నెల బావిలోంచి తోడిన గ్యాలన్లు, ఇళ్ళకు బిల్లు వేసిన గ్యాలన్లు. రెండిటి మధ్య తేడా నెలనెలా పెరుగుతోంది. అప్పుడు నేను మామూలు ఇంటి ఓనర్‌ని, వెనక కుర్చీలో ఉన్నా. ఈ నీళ్ళు ఎటు పోతున్నాయని అడిగాను. మీటర్లు పాతవి, వాటి లోపం అన్నారు. మర్నాడు సాయంత్రం వాకింగ్‌లో డిటెన్షన్ పాండ్ వెనక చూస్తే, ఆగస్టు ఎండలో చుట్టూ గడ్డి మాడిపోయి ఉంది, ఒక్కచోట మాత్రం మోకాలెత్తు పచ్చగా పెరిగింది, కాలేస్తే బురద. ఫోటోలు తీసి పంపించా. తవ్వితే మెయిన్ లైను జాయింట్ కారుతోంది. ఆ నీళ్ళ డబ్బు అందరం కట్టాం. తర్వాత ఎన్నికలో నిలబడ్డా.

మడ్‌ను రద్దు చేసినా ఆ పైపు అక్కడే ఉంటుంది. ఎవరో ఒకరు ఆ కాగితం చదవాలి.

చింతకాయ్_పచ్చడి
👏👏 పచ్చగడ్డి చూసి లీకేజీ పట్టిన డైరెక్టర్. మా ఊళ్ళో నీరుకట్టు మనిషి ఇలాగే పట్టేవాడు.

రాయలసీమ_రఫ్
కృష్ణా గారూ, మీరు మంచివాళ్ళు కావచ్చు. కానీ ఈ మడ్ పుట్టుకే నాకు నచ్చదు. మొదట్లో పొలంలో ట్రెయిలర్ పెట్టి అందులో ఇద్దరు ముగ్గుర్ని ఉంచి, వాళ్ళ ఓట్లతో కోట్ల డాలర్ల బాండ్లకు అనుమతి తీసుకుంటారట. నిజమా కాదా?

కృష్ణా_తీరం
నిజం. చట్టబద్ధమే, పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. కొత్త డిస్ట్రిక్ట్‌లో అప్పటికి జనమే ఉండరు, ఆ ఇద్దరు ముగ్గురు ఓటర్లే ఎన్నిక జరిపిస్తారు. ఇరవై ముప్పై ఏళ్ళలో మొత్తం కాలనీకి కావాల్సిన బాండ్లన్నిటికీ ఒకేసారి అనుమతి పడిపోతుంది. నాకూ అది సబబు అనిపించదు. అయితే అనుమతి ఉన్నంత మాత్రాన అమ్మాలని లేదు. ప్రతి విడత బాండ్లూ బోర్డు ఓటు వేస్తేనే, టీసీఈక్యూ చూసి ఒప్పుకుంటేనే బయటికి వస్తాయి. జనం వచ్చాక బోర్డు జనం చేతిలో ఉంటే, ఆ విడతల మీద అదుపు మనదే. స్విమ్మింగ్ పూల్, స్ప్లాష్ ప్యాడ్ లాంటి వాటి బాండ్లు ఇప్పుడు అవసరమా అని అడిగి ఆపించిన సందర్భాలు మా దగ్గర ఉన్నాయి.

ఫ్లోరిడా_ఫణి
డిస్నీవాళ్ళ డిస్ట్రిక్ట్‌ను మా రాష్ట్రంలో ఒక్క బిల్లుతో రద్దు చేశారు కదా. అసెంబ్లీ తలుచుకుంటే అయిపోతుంది. మీరు టెక్సస్ లెజిస్లేచర్‌కే వెళ్ళండి.

లెక్కల_మాస్టారు
ఫణి గారూ, ఆ కథ చివరిదాకా చూడండి. రీడీ క్రీక్ డిస్ట్రిక్ట్ 1967లో పుట్టింది. 2022 ఏప్రిల్‌లో గవర్నర్ సంతకం పెట్టాడు, 2023 జూన్ 1కి రద్దు అన్నారు. వెంటనే వచ్చిన ప్రశ్న, దాదాపు వంద కోట్ల డాలర్ల బాండ్ల బాకీ ఎవరిది? అక్కడి చట్టం ప్రకారం డిస్ట్రిక్ట్ రద్దయితే బాకీ స్థానిక ప్రభుత్వాలకు పోతుంది. అంటే ఆరెంజ్, ఓసియోలా కౌంటీల్లో మామూలు ఇళ్ళవాళ్ళకు. పైగా బాండ్లు తీరేదాకా ఈ డిస్ట్రిక్ట్ అధికారాలు తగ్గించం అని రాష్ట్రమే పాత చట్టంలో బాండ్ల వాళ్ళకు మాటిచ్చింది.

చివరికి 2023 ఫిబ్రవరిలో ఇంకో చట్టం తెచ్చారు. పేరు సెంట్రల్ ఫ్లోరిడా టూరిజం ఓవర్‌సైట్ డిస్ట్రిక్ట్ అని మారింది, బోర్డును గవర్నర్ నియమిస్తాడు. డిస్ట్రిక్ట్ పోలేదు, అప్పూ పోలేదు. మారింది బోర్డు. డిస్నీ అంత కంపెనీ ఒకవైపు, గవర్నర్ ఒకవైపు ఉండి కొట్లాడినా అప్పు దగ్గరికొచ్చేసరికి అంతే అయింది.

ఫ్లోరిడా_ఫణి
అవును, మా ఆఫీసులో ఓసియోలా కౌంటీ వాళ్ళు అప్పట్లో తెగ కంగారుపడ్డారు, మా టాక్స్ పెరుగుతుందని. ఆ వైపు నుంచి చూస్తే మీరన్నది నిజమే. కానీ బోర్డు మార్చడం కూడా చిన్న విషయమేం కాదు మాస్టారూ. ఎవరు ఖర్చు పెడతారన్నదే కదా అసలు సంగతి.

ఇర్వైన్_ఇందిర
కాలిఫోర్నియాలో మాకు మెల్లో-రూస్ అంటారు. 1978లో ప్రపోజిషన్ 13 వచ్చి ప్రాపర్టీ టాక్స్ ఒక శాతం దగ్గర ఆగిపోయింది. కొత్త కాలనీలకు స్కూళ్ళూ రోడ్లూ కట్టాలంటే డబ్బు చాలక 1982లో ఈ చట్టం తెచ్చారు. దాని కింద పెట్టేదే కమ్యూనిటీ ఫెసిలిటీస్ డిస్ట్రిక్ట్. మీకూ మాకూ తేడా ఏంటంటే, మాది ఇంటి విలువ మీద శాతం కాదు, ఇంటి సైజును బట్టి ఇంత అని ఉంటుంది. ఏ ఏడు దాకా వేయొచ్చో మొదట్లోనే రాసి ఉంటుంది. బోర్డు వేరే ఉండదు, సిటీ కౌన్సిల్ లాంటి వాళ్ళే బోర్డు.

మా స్నేహితుల కాలనీలో బాండ్లు తీరిపోయి ఆ టాక్స్ ఆగింది. ఎవరూ పిటిషన్ పెట్టలేదు, చివరి కంతు అయిపోయింది, లైను పోయింది. కానీ మా దగ్గర పార్కుల నిర్వహణ కోసం వేసేది ఇంకో ముక్క ఉంది, దానికి గడువు లేదు. కొనేటప్పుడు ఆ రెండో ముక్క ఉందా లేదా అన్నది తప్పకుండా అడగండి.

బ్రజోస్_బాబు
ఇందిర గారూ, మాకు అలా చివరి కంతు తేదీ అంటూ ఉండదా?

కృష్ణా_తీరం
ఉంటుంది బాబు గారూ, ఒక్కో విడతకీ ఒక్కోటి. మీ మడ్ బాండ్లు అమ్మినప్పుడు వేసిన అఫీషియల్ స్టేట్‌మెంట్ ఎమ్మా అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఏ ఏడు ఎంత కట్టాలో పట్టిక ఉంటుంది. ఇంకా ఎంత అమ్మడానికి అనుమతి మిగిలి ఉందో, డెవలపర్‌కి ఇంకా ఎంత బాకీ ఉందో కూడా ఉంటుంది. ముందు ఆ పేజీలు చదవండి. సంతకం సంగతి తర్వాత.

విశ్రాంత_ఇంజినీర్
నేను హైదరాబాద్‌లో రిటైరై ఇప్పుడు డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉన్నాను. ఇలాంటి విలీనాలు మన దగ్గరా చూశాం. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి జీహెచ్ఎంసీ అయింది. మరుసటి ఏడు ఆగస్టులో హుడా, సైబరాబాద్ అథారిటీ, ఎయిర్‌పోర్ట్ అథారిటీ, బుద్ధ పూర్ణిమ ప్రాజెక్ట్ అథారిటీ నాలుగిటినీ కలిపి హెచ్ఎండీఏ చేశారు. అంటే ప్రత్యేక పని కోసం పెట్టిన సంస్థలు రద్దై పెద్దదాంట్లో కలిశాయి. స్థలాలు, ఫైళ్ళు, బాకీలు, నడుస్తున్న పనులు అన్నీ కొత్త సంస్థకు బదిలీ అయ్యాయి.

తేడా ఒకటుంది. అక్కడ అది ప్రభుత్వ ఉత్తర్వుతో, చట్టంతో పైనుంచి జరిగింది. మన ఇంటి మీద బాండు అప్పు అంటూ విడిగా ఉండదు, బోర్డును మనం ఎన్నుకోము. ఇక్కడ అప్పు మీ గడప మీద ఉంది కాబట్టి మాట కూడా మీదే అవ్వాలి.

విలీనం ఎప్పుడు జరిగినా నేను అడిగేది ఒక్కటే, భూమిలో పైపులు ఎక్కడ ఉన్నాయో చూపించే మ్యాపులు సరిగా ఉన్నాయా? ఏ వాల్వ్ ఏ వీధికి? పాత మనుషులు వెళ్ళిపోయాక ఆ మ్యాపులు లేకపోతే రోడ్డంతా తవ్వాలి. మీ మడ్ రేపు రద్దైనా పదేళ్ళకు రద్దైనా ఇప్పుడే ఆ కాగితాలు అడిగి చూసుకోండి బాబూ.

షుగర్‌ల్యాండ్_సుజాత
అంకుల్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం.

ఆస్టిన్_అరుణ్
సిటీలో కలిస్తే అంతా బాగుంటుందనుకోకండి. మా ఆస్టిన్‌లో లాస్ట్ క్రీక్ అనే కాలనీని 2015లో సిటీ కలిపేసుకుంది. వాళ్ళకి సిటీ పోలీసు సేవలు, టాక్సులు నచ్చలేదు. రాష్ట్రం 2023లో చట్టం చేసి బయటికి పోయే ఓటింగ్‌కి దారి ఇచ్చింది. 2024 మేలో భారీ మెజారిటీతో ఓటేసి సిటీలోంచి బయటికి వచ్చేశారు.

రాయలసీమ_రఫ్
మరి వాళ్ళు బయటికి రాగలిగితే మనం మడ్‌లోంచి ఎందుకు బయటికి రాలేం?

ఆస్టిన్_అరుణ్
బయటికి వచ్చినా, సిటీలో ఉన్నప్పుడు వాళ్ళ పేరున పడ్డ అప్పులో వాటా తీరేదాకా వాళ్ళ మీద ఉంటుంది అన్నా. అప్పు విషయంలో చట్టం ఎవర్నీ వదలదు.

మెస్కీట్_మురళి
ఈటీజేలోంచి బయటికి రావడానికి కూడా 2023లో ఒక చట్టం వచ్చింది కదా, పిటిషన్ పెడితే చాలు అని. మీ వీధి ఆయన దాన్ని, దీన్ని కలిపేశాడేమో.

లెక్కల_మాస్టారు
మురళి గారూ, అయ్యుండొచ్చు. ఆ చట్టంతో సిటీ ఈటీజే నియమాల్లోంచి బయటపడవచ్చు. మడ్ మాత్రం అలాగే ఉంటుంది.

కేటీ_కోడలు
ఇంకొకటి. నా నీళ్ళ బిల్లులో సగం పైన మడ్‌ది కాదు. పంపేజ్ ఫీజు అని ఒక లైను ఉంటుంది, చూశారా? భూగర్భజలం తోడితే నేల కుంగుతోందని, నదీజలాలకు మారడానికి పైప్‌లైన్లు వేస్తున్న రీజనల్ వాటర్ అథారిటీకి పోతుంది అది. మడ్ రద్దైనా ఆ లైను అక్కడే ఉంటుంది.

కృష్ణా_తీరం
కరెక్ట్. ఫోర్ట్ బెండ్‌లో నేల కుంగడాన్ని చూసే డిస్ట్రిక్ట్ 1989లో వచ్చింది, నార్త్ ఫోర్ట్ బెండ్ వాటర్ అథారిటీ 2005లో. బ్రజోస్ నది పక్కన ఉన్నవాళ్ళకి వరద కట్టల డిస్ట్రిక్ట్ ఇంకొకటి. హార్వీ తుఫానుకి రిచ్‌మండ్ దగ్గర బ్రజోస్ 55 అడుగులు దాటింది. ఆ రాత్రి కట్ట మీద పంపుల దగ్గర నిలబడ్డ వాళ్ళని అడగండి ఆ డిస్ట్రిక్ట్‌ను రద్దు చేద్దామా అని.

రాయలసీమ_రఫ్
కట్టలు వద్దని ఎవరూ అనలేదు. పక్కపక్కనే నాలుగు మడ్‌లు, నలుగురు లాయర్లు, నలుగురు ఇంజినీర్లు, నలుగురు బుక్‌కీపర్లు. ఒక్కో కాలనీకి ఒక్కోటి ఎందుకు? దీనికి సమాధానం చెప్పండి.

కృష్ణా_తీరం
ఇది సరైన ప్రశ్న, దీనికి చట్టంలో దారి ఉంది. రెండు లేదా ఎక్కువ మడ్‌లు ఓటింగ్ పెట్టుకుని ఒకటిగా కలవవచ్చు. పాత అప్పు మాత్రం ఎవరిది వారికే ఉండేలా ఏర్పాటు చేసుకోవచ్చు. నిర్వహణ ఖర్చు తగ్గుతుంది. బాబు గారికి 52 సెంట్లు నిర్వహణకే పోతోంది కాబట్టి, రద్దు అని రాసే బదులు ఈ మాట రాస్తే బోర్డు సమాధానం చెప్పక తప్పదు.

రాయలసీమ_రఫ్
సరే, దీనికి నేనూ సంతకం పెడతా. రద్దు పిటిషన్ కూడా ఉంచండి. ఎదురుగా అది ఉంటేనే దీన్ని వింటారు.

లెక్కల_మాస్టారు
అక్కడే మీతో ఒప్పుకోను రఫ్ గారూ. కుదరని దానికి మూడొందల సంతకాలు పెట్టించి, లాయరు ఒక్క పేరాలో కొట్టేశాక, ఆ మూడొందల మందిని ఇంకోసారి ఎలా పిలుస్తారు? జనం ఓపిక ఒక్కసారే దొరుకుతుంది.

పాలపిట్ట
మా మీటింగులు డౌన్‌టౌన్‌లో లాయరు ఆఫీసులో, పగలు పన్నెండింటికి పెడతారు. నోరు ఉన్నా నేను వెళ్ళేదెలా?

కృష్ణా_తీరం
దానికీ నియమం ఉంది. డిస్ట్రిక్ట్‌లో యాభై మంది ఓటర్లు దాటాక, వాళ్ళలో కనీసం ఐదుగురు రాతపూర్వకంగా అడిగితే బోర్డు మీటింగ్‌ను డిస్ట్రిక్ట్ లోపలే పెట్టాలి. లోపల తగిన చోటు లేకపోతే దగ్గర్లో, పది మైళ్ళ లోపు. ఐదే సంతకాలు. ఓటు ఉన్న ఐదుగురు మీ వీధిలో ఉంటారుగా. మా దగ్గర క్లబ్‌హౌస్‌లో సాయంత్రం ఆరున్నరకి మార్పించింది ఇలాగే.

పాలపిట్ట
ఐదుగురేనా! మా పక్కింటి పంజాబీ వాళ్ళకీ ఎదురింటి పెద్దావిడకీ ఓటు ఉంది. ఆవిడ టెక్సస్‌లోనే పుట్టి పెరిగారు. రేపే అడుగుతా.

చింతకాయ్_పచ్చడి
పెద్దావిడ దగ్గరికి ఖాళీ చేతుల్తో వెళ్ళకండి, పులిహోర పట్టుకెళ్ళండి 😀

కేటీ_కోడలు
హోంస్టెడ్ (మనం ఉండే సొంతింటికి ఇచ్చే పన్ను మినహాయింపు) గురించి కూడా అడగండి. స్కూల్ టాక్స్‌కి రాష్ట్రం ఇచ్చే మినహాయింపు మడ్‌కి వర్తించదు. మడ్ బోర్డు తలుచుకుంటే ఇంటి విలువలో 20 శాతం దాకా మినహాయించవచ్చు, జూలై 1 లోపు తీర్మానం చేయాలి. మా బోర్డు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చర్చకు తేలేదు.

లెక్కల_మాస్టారు
అడగండి, కానీ దాని వెనక లెక్క కూడా తెలిసి అడగండి. కంతు మొత్తం మారదు కాబట్టి మినహాయిస్తే రేటు పెరుగుతుంది. లాభం అద్దెకిచ్చిన ఇళ్ళవాళ్ళు, షాపులవాళ్ళ నుంచి మనకు మళ్ళుతుంది. మీ డిస్ట్రిక్ట్‌లో షాపులు, అద్దె ఇళ్ళు ఎన్ని అన్నదాన్ని బట్టి ఉంటుంది.

బ్రజోస్_బాబు
అఫీషియల్ స్టేట్‌మెంట్ దొరికింది. చివరి విడత 2049 దాకా ఉంది. డెవలపర్‌కి తిరిగి ఇవ్వాల్సింది ఇంకా ఉందని, మరిన్ని బాండ్లు అమ్మొచ్చని కూడా రాశారు. మా వీధి ఆయనకి ఫోన్ చేసి ఆ పేజీ పంపించాను. చదివి, అయితే ఏం చేద్దాం అని ఆయనే అడిగాడు. పిటిషన్ పక్కన పెట్టి మూడు ముక్కలు రాస్తున్నాం: మీటింగ్ ఇక్కడ సాయంత్రం పెట్టండి, నిర్వహణ ఖర్చు దేనికెంతో చెప్పండి, పక్క మడ్‌తో కలిసే సంగతి అజెండాలో పెట్టండి. ఇంకేమైనా చేర్చాలా?

విశ్రాంత_ఇంజినీర్
మ్యాపులు.

షుగర్‌ల్యాండ్_సుజాత
హ్యూస్టన్‌తో మీ మడ్‌కి ఒప్పందం ఉందా, ఉంటే సేల్స్ టాక్స్ వాటా ఏడాదికి ఎంత వస్తోంది, దేనికి ఖర్చు పెడుతున్నారు. ఇది తప్పకుండా రాయండి. మా దగ్గర ఆ డబ్బుతో అదనపు షెరీఫ్ డెప్యూటీల (కౌంటీ పోలీసుల) పహారా పెట్టించారు కలవకముందు.

రాయలసీమ_రఫ్
తర్వాతి విడత బాండ్లు ఎప్పుడు, ఎంత, దేనికి అని కూడా. ఓటు వేసేముందే జనానికి లెటర్ రావాలి అని రాయండి. ఇది నా మాటగా చేర్చండి.

బ్రజోస్_బాబు
చేర్చాను రఫ్ గారూ. మొత్తం ఆరు అయ్యాయి. కృష్ణా గారూ, డ్రాఫ్ట్ మీకు మెసేజ్‌లో పంపిస్తాను, చట్టం మాటలు సరిచూసి పెట్టండి.

కృష్ణా_తీరం
పంపండి. సంతకాల పక్కన అడ్రసు, తేదీ రాయించండి, ఓటర్ల జాబితాతో పోల్చి చూస్తారు. లెటర్ మడ్ లాయరు ఆఫీసుకి పోస్టులో పంపి, బోర్డు ప్రెసిడెంట్‌కి ఈమెయిల్ కూడా పెట్టండి.

పాలపిట్ట
మాది మీ పక్క మడ్డే అనుకుంటా బాబు గారూ, వాటర్ ట్యాంకు అవతల. కలిసే సంగతి అంటున్నారు కాబట్టి మా వైపు నుంచి కూడా అదే లెటర్ పెడితే?

బ్రజోస్_బాబు
తప్పకుండా పెట్టండి. డ్రాఫ్ట్ మీకూ పంపుతున్నా. రెండూ ఒకే వారంలో వెళ్ళేలా చూద్దాం.